ప్రయోగం, అనుకరణ, నిజాయితీ

నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. విజ్ఞానశాస్త్ర బోధన గురించి రాయటానికి నాకున్న అర్హత స్వల్పం. అయినా ఈ విషయంలో తలదూర్చవలసి వచ్చింది. కారణం ముందు చెబుతాను. నేను వరంగల్లులో ఒక డిగ్రీ కళాశాలలో పనిచేస్తున్నాను. కిందటి సంవత్సరం మా భౌతికశాస్త్ర శాఖవారు కంప్యూటరు తెర మీద చేసే ప్రయోగాలు కొన్ని సంపాదించారు. వాటిలోని సూచనలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన మా పిల్లలకు అర్థమయ్యేటట్టు వాటిని తెనిగించమని నన్ను అడిగారు. ఒప్పుకున్నాను. నెలరోజులపాటు సాయంత్రాలు ఆ గదిలో కూర్చుని, పిల్లలు ప్రయోగాలు చేస్తూ ఉంటే వాళ్ళు ఏ మాట దగ్గర ఆగిపోతున్నారో చూసి రాసుకునేవాణ్ణి.

మొట్టమొదటిది లోలకం. తెర మీద ఒక దారం, దాని చివర ఎర్రని గుండు. దారం పొడవు మార్చవచ్చు, గుండును పక్కకు లాగి వదలవచ్చు. గడియారం దానంతటదే తిరుగుతుంది, లెక్క దానంతటదే పడుతుంది. పొడవు ఎంత పెట్టినా, ఎవరు చేసినా, గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 9.81 మీటర్లని వస్తుంది. పదిమంది పిల్లలు చేశారు. పదిమందికీ 9.81 వచ్చింది. అందరూ సంతోషించారు, ఒక్క అమ్మాయి తప్ప. ఆమె మౌసు వదిలిపెట్టి నావైపు తిరిగి, "సార్, ఇందుల తప్పు ఎట్ల వస్తది?" అని అడిగింది.

రికార్డు పుస్తకంలో "తీసుకోవలసిన జాగ్రత్తలు" అని ఒక శీర్షిక ఉంటుంది. దాని కింద ఏం రాయాలో తోచక ఆమె అడిగి ఉంటుంది. నేను ఏదో చెప్పి తప్పించుకున్నాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. తప్పు రావటానికి వీలే లేని చోట ఒప్పుకు అర్థం ఏమిటి? భౌతికశాస్త్రంలో మొదలైన ఈ ప్రశ్న తత్త్వశాస్త్రంలోకి పోతుంది. ఇంకాస్త ముందుకు లాగితే నీతి దాకా వస్తుంది.

మా ఉపాధ్యాయుల గదిలో ఈ విషయం మీద రెండు పక్షాలున్నాయి. తెర మీది ప్రయోగం ప్రజాస్వామికమైనదని ఒక పక్షం వాదిస్తుంది. ప్రయోగశాల లేని కళాశాలలో చదివే విద్యార్థికి కూడా అది అందుతుంది. ఆమ్లం ఒలికి చెయ్యి కాలదు, గాజు పగలదు, ఒకే ప్రయోగం వందసార్లు చెయ్యవచ్చు. 2010 ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వం ఢిల్లీ ఐ.ఐ.టి. ఆధ్వర్యాన నడిపించిన వర్చువల్ ల్యాబ్స్ పథకంలో మన హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి. కూడా పాలుపంచుకున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఇంకా ముందుకు పోయి, ఇటువంటి తెర ప్రయోగశాలల ద్వారా విద్యార్థులందరికీ ప్రయోగాత్మక విద్య సమానంగా అందుతుందన్నది. రెండో పక్షంవారు చేతితో చెయ్యనిది ప్రయోగమే కాదంటారు. అది బొమ్మలాట అంటారు.

అభ్యుదయవాదులమైన మనం సహజంగా ఈ రెండో పక్షం వైపు మొగ్గుతాం. మనిషి మనిషి కావటంలో చేతికున్న పాత్ర గురించి ఎంగెల్సు 1876లో రాసిన వ్యాసం మనం చదివి ఉంటాం. సత్యానికి ఆచరణే గీటురాయి అని సభల్లో చెబుతూనే ఉంటాం. అయితే ఆ గీటురాయి మీద మనం స్వయంగా ఏ బంగారం గీసి చూశామో ఎవరూ అడగరు. ఆ మాట కూడా మనలో చాలామందికి పుస్తకంలోంచి వచ్చిందే. అంచేత మొగ్గే ముందు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి.

నేను ఇంటర్మీడియట్ లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివాను. 2007లో ప్రాక్టికల్ పరీక్షకు నాకు లోలకం వచ్చింది. నా పక్క బల్ల దగ్గర నా స్నేహితుడికి కూడా అదే. అతని తండ్రి ఆజంజాహీ మిల్లు కార్మికుడు. నిజాం కాలంలో 1934లో పెట్టిన ఆ మిల్లును 2002లో మూసేశారు. ఆ ఇంట్లో చదువుకు పెట్టే ప్రతి రూపాయికీ లెక్క ఉండేది. మా ప్రయోగశాల అటెండరు చాలా దయగల మనిషి. ఏ రియోస్టాట్ పట్టేస్తుందో, ఏ గాల్వనోమీటరు ముల్లు అబద్ధం చెబుతుందో ఆయనకు తెలిసినంతగా మా అధ్యాపకులకు తెలియదు. ఆయన మా ఇద్దరి మధ్యకు వచ్చి మెల్లగా చెప్పాడు: "బిడ్డా, 9.8 రావాలె. ముందుగాల అది రాసుకోండ్రి, ఎన్కకు లెక్క చేసుకుంట పోండ్రి."

నేను అట్లాగే చేశాను. జవాబు నుంచి వెనక్కి నడిచి డోలన కాలాలు పుట్టించాను. అనుమానం రాకుండా ఒకచోట 9.79, ఇంకొకచోట 9.83 పెట్టాను. ఇందులో నేను చూపించిన నైపుణ్యం తక్కువదేమీ కాదు. గుండు మాత్రం ఒక్కసారి కూడా ఊపలేదు. నా స్నేహితుడు దారాన్ని మూడు పొడవులకు కట్టి, ఇరవయ్యేసి డోలనాలు లెక్కపెట్టి, వచ్చింది వచ్చినట్టు రాశాడు. దారం ఇరవై అయిదు సెంటీమీటర్లున్నప్పుడు 9.2, యాభై ఉన్నప్పుడు 9.5, నూరు ఉన్నప్పుడు 9.6. ఆ అంకెలు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. వాటిని చూసి నేను నవ్వటమే అందుకు కారణం. "అరే, గిట్ల రాస్తే పోతవ్ రా" అన్నాను. "నాకొచ్చింది గదే రా" అన్నాడు. పరీక్షకుడు అతని పట్టిక మీద ఎర్రసిరాతో అడ్డగీత కొట్టాడు. నాకు ముప్పైకి ముప్పై మార్కులు, అతనికి పద్దెనిమిది.

ఈ మధ్య మా భౌతికశాస్త్ర మిత్రుడితో మాటల్లో ఆ మూడు అంకెలు చెప్పాను. ఆయన నవ్వలేదు. కాగితం తీసుకుని ఏదో లెక్క వేసి, "మీ స్నేహితుడు దారాన్ని కొక్కెం దగ్గరి ముడి వరకే కొలిచాడు. గుండు మధ్య వరకు కొలవాలి. ఆ గుండు వ్యాసార్ధం, కొక్కెం కలిపి ఒకటిన్నర సెంటీమీటరు" అన్నాడు. నేను నిర్ఘాంతపోయాను. పద్దెనిమిదేళ్ళ కిందటి గుండు ఆయన చూడలేదు. ఆ అంకెలే చెప్పాయి. కొలవకుండా వదిలేసిన ఒకటిన్నర సెంటీమీటరు ఇరవై అయిదులో పెద్ద భాగం, నూరులో చిన్న భాగం. అందుకే పొడవు పెరిగినకొద్దీ విలువ అసలు విలువకు దగ్గరవుతూ వచ్చింది. డోలన కాలపు వర్గానికీ పొడవుకూ గ్రాఫు గీసి ఉంటే, ఆ గీత మూలబిందువు గుండా పోకుండా దానికి ఒకటిన్నర సెంటీమీటరు ఎడంగా పోయేది. ఆ ఎడమే గుండు కొలత! పైగా ఆ గీత వాలు నుంచి లెక్క కడితే గురుత్వ త్వరణం సరిగానే వచ్చేదట. మేమంతా ఆ గీతను మూలబిందువు గుండా లాగాం, పుస్తకంలో అట్లా ఉంది గనక.

ఇంకొక సంగతి కూడా ఆయనే చెప్పాడు. గురుత్వ త్వరణం భూమి మీద అన్ని చోట్లా ఒకటి కాదు. భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ తగ్గుతుంది. పద్దెనిమిదో అక్షాంశం మీదున్న మన వరంగల్లులో అది 9.78 చిల్లర. లండన్ లో 9.81. అంటే మా పిల్లలు పదిమందీ తెర మీద సాధించింది లండన్ గురుత్వ త్వరణం. వలస పాలన పోయినా మన లోలకాలకు ఇంకా స్వాతంత్ర్యం రాలేదని హాస్యానికి అనవచ్చు. కాని ఇందులో హాస్యం కానిది కూడా ఉంది. తెర మీది లోలకానికి తాను ఏ ఊళ్ళో ఊగుతున్నదీ తెలియదు. దారానికి కట్టిన గుండుకు తెలుసు.

నా స్నేహితుడి ప్రయోగంలో ఎవరూ పెట్టనిది ఒకటి ఉంది. ఆ కొక్కెం సంగతి పాఠ్యపుస్తకం రాసినవాడు పెట్టలేదు, అధ్యాపకుడు చెప్పలేదు, చేసినవాడికీ తెలియదు. అయినా అది అంకెల్లోకి వచ్చి కూర్చున్నది. తెర మీది ప్రయోగంలో ఎవరో ఒకరు పెట్టనిది ఏదీ ఉండదు. సహజంగా ఉండాలని కొన్ని కార్యక్రమాల్లో కావాలనే కాస్త దోషం కలుపుతారని విన్నాను. ఆ దోషం ఎంత ఉండాలో, ఏ తీరున ఉండాలో కూడా ఒక మనిషి కూర్చుని నిర్ణయించిందే. అది నా 9.79, 9.83ల వంటిది.

పెద్ద ఉదాహరణ ఒకటి తీసుకుందాం. 1785లో ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ అనే ఆయన గాలిని ఆక్సిజన్ తో కలిపి, విద్యుత్ స్ఫులింగాలు పంపి, అందులోని నైట్రోజన్ నంతా తొలగించే ప్రయత్నం చేశాడు. ఎంతసేపు చేసినా చివరకు ఒక చిన్న బుడగ మిగిలింది. మొత్తం నైట్రోజన్ లో నూట ఇరవయ్యో వంతు కూడా ఉండదు. దాన్ని ఆయన దులపరించుకోలేదు, రాసిపెట్టాడు. నూరేళ్ళు దాటాక లార్డ్ రాలే నైట్రోజన్ సాంద్రత కొలిచాడు. గాలి నుంచి తీసిన నైట్రోజన్, అమ్మోనియా నుంచి తీసిన నైట్రోజన్ కంటే రెండు వందల్లో ఒక పాలు బరువుగా తేలింది. లీటరుకు 1.257 గ్రాములు ఒకటి, 1.25 గ్రాములు ఇంకొకటి. మా ప్రయోగశాలలో అయితే ఈ రెంటినీ కలిపి సగటు కట్టి రికార్డు మూసేసేవాళ్ళం. రాలే 1892లో ఈ తేడా తనకు అంతుపట్టటం లేదని 'నేచర్' పత్రికలో బహిరంగంగా ఒప్పుకుని, కారణం తెలిస్తే చెప్పమని అడిగాడు. రెండేళ్ళకు, విలియమ్ రామ్సేతో కలిసి, గాలిలో అంతవరకు ఎవరూ ఎరగని ఒక వాయువు ఉన్నదని తేల్చాడు. అదే ఆర్గాన్. మనం పీల్చే గాలిలో నూటికి దాదాపు ఒక పాలు అది ఉంది. 1890లో కంప్యూటరు ఉండి, ఆనాటి మహామహులందరూ కలిసి గాలికి ఒక అనుకరణ తయారుచేసి ఉంటే అందులో ఆర్గాన్ ఉండేది కాదు. వెయ్యేళ్ళు ఆ తెర ముందు కూర్చున్నా అది కనపడేది కాదు. మనకు తెలిసినదంతా అనుకరణలో ఉంటుంది. మనకు తెలియనిది ప్రకృతి దగ్గరే ఉంటుంది.

మా విద్యార్థి లోలకంతో ఆర్గాన్ కనిపెడుతుందా అని మీరు అడగవచ్చు. కనిపెట్టదు. ఆమె కనిపెట్టేది ఒక కొక్కెం. కాని కొక్కేన్ని కాగితం మీద ఉంచటానికీ, బుడగను కాగితం మీద ఉంచటానికీ కావలసిన గుణం ఒకటే. ఆ గుణం పెద్ద శాస్త్రజ్ఞులకు కూడా ఎల్లప్పుడూ ఉంటుందన్న హామీ లేదు. అమెరికాలో మిలికన్ నూనె చుక్కలతో ఎలక్ట్రాన్ ఆవేశాన్ని కొలిచి 1913లో ప్రకటించిన విలువ కాస్త తక్కువ. గాలి స్నిగ్ధతకు ఆయన వాడిన అంకె సరైనది కాదు. తరువాత కొలిచినవాళ్ళు ఒక్కసారిగా అసలు విలువ చెప్పలేదట. మిలికన్ దానికంటే కొంచెం ఎక్కువ ఒకరు, ఆయన కంటే ఇంకొంచెం ఎక్కువ మరొకరు, ఇట్లా మెట్లు మెట్లుగా వెళ్ళారట. పెద్దాయన విలువకు దూరంగా వస్తే తమదే తప్పనుకుని కారణాలు వెతికారు, దగ్గరగా వస్తే వెతకలేదు. 1974లో రిచర్డ్ ఫైన్మన్ తన విద్యార్థులకు ఈ సంగతి సిగ్గుపడవలసిన విషయంగా చెప్పాడు. మా అటెండరు సలహాకూ దీనికీ జాతి భేదం లేదు.

కనుక కంప్యూటరు మన నిజాయితీని చెడగొట్టిందనటం అన్యాయం. అది వచ్చేసరికే మన ఇల్లు సర్ది ఉంది. రికార్డులు సీనియర్ల నుంచి జూనియర్లకు వారసత్వంగా వచ్చేవి. జె.ఇ.ఇ. మెయిన్ పాఠ్యప్రణాళికలో ప్రయోగ నైపుణ్యాలు అని ఒక భాగమే ఉంది. వెర్నియర్ కాలిపర్స్ ను జన్మలో ముట్టనివాడు కూడా దాని మీద నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించి మార్కులు తెచ్చుకోవచ్చు. కరోనా కారణంగా 2021లో తెలంగాణలో ఇంటర్మీడియట్ పరీక్షలు రద్దయినప్పుడు ద్వితీయ సంవత్సరం విద్యార్థులందరికీ ప్రాక్టికల్స్ లో పూర్తి మార్కులు వేశారు. ఆ విపత్తులో పిల్లలకు అన్యాయం జరగకూడదని చేసిన పని అది, నేను దాన్ని తప్పుపట్టను. నన్ను కలవరపెట్టింది వేరు. ప్రయోగం చెయ్యకుండానే అందరికీ ముప్పైకి ముప్పై వచ్చాయంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. మామూలు సంవత్సరానికీ ఆ సంవత్సరానికీ తేడా అంతగా కనపడలేదన్నమాట.

ఇక మొదటి పక్షంవారి వాదానికి న్యాయం చెయ్యాలి. కొలరాడో విశ్వవిద్యాలయంలో 2005లో ఒక పరిశీలన ప్రకటించారు. విద్యుత్ వలయాల పాఠంలో కొందరు విద్యార్థులకు నిజమైన బల్బులూ తీగలూ, మరికొందరికి తెర మీది బల్బులూ తీగలూ ఇచ్చారు. తరువాత పరీక్షిస్తే తెర మీద నేర్చుకున్నవారే విషయాన్ని బాగా అర్థం చేసుకున్నట్టు తేలింది. అంతేకాదు, నిజమైన వలయాన్ని కట్టి వివరించటంలో కూడా వాళ్ళే మెరుగు. మనకు గిట్టని సాక్ష్యం గదా అని దీన్ని దాచిపెడితే నేను మళ్ళీ 2007లో కూర్చున్నట్టే. కంటికి కనపడని ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని తెర చూపిస్తుంది. తీగ వదులైందా, బ్యాటరీ అయిపోయిందా అన్న చికాకులు ఉండవు. తెలిసిన విషయం విద్యార్థికి ఎక్కించటంలో తెర గొప్ప సాధనమని ఒప్పుకోవలసిందే. కప్ప విషయం మరీ స్పష్టం. యు.జి.సి. 2011లో జంతువుల కోతను తగ్గించమని, 2014లో పూర్తిగా మానమని చెప్పింది. లక్షల కప్పల ప్రాణం కంటే మన రికార్డులో బొమ్మ ఎక్కువ కాదు. అక్కడ అనుకరణే నీతి. శాస్త్రజ్ఞులు కూడా అనుకరణలు వాడతారు. తుపాను దారిని వాతావరణ శాఖవారు కంప్యూటరు మీదే లెక్క కడతారు. కాని మర్నాడు తుపాను వచ్చి ఆ లెక్కను దిద్దిపోతుంది. మా పిల్లల తెరకు అట్లా దిద్దే తుపాను లేదు.

ఇంతవరకు అరువు తెచ్చుకున్న జ్ఞానం చెప్పాను. ఇప్పుడు నా సొంత పొలంలోకి వస్తాను. తెలుగులో ప్రయోగం అన్నమాటకు ఉన్నన్ని అర్థాలు గమ్మత్తుగా ఉంటాయి. అస్త్రాన్ని ప్రయోగిస్తారు, నాటకాన్ని ప్రయోగిస్తారు, గిట్టనివాడి మీద చేతబడి ప్రయోగిస్తారు. వ్యాకరణంలో మాత్రం ప్రయోగమంటే జనం నిజంగా వాడిన మాట. సూత్రం ఎంత గొప్పదైనా వ్యాకరణం ప్రయోగాన్నే శరణు వేడాలని మన వైయాకరణులు పూర్వమే ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారే గాని పాటించలేదు. తాళపత్ర ప్రతుల్లో సూత్రానికి కుదరని రూపం కనపడితే, "లేఖక ప్రమాదం" అని దాన్ని దిద్దేసిన పండితులున్నారు. రాసినవాడి చెయ్యి జారిందన్నమాట! జారిన చేతులు వందలు, అన్నీ ఒకే వైపు జారాయి. అయినా జారుడే గాని భాష కాదు. గిడుగు వెంకట రామమూర్తి చేసిన పోరాటాన్ని మనం వ్యావహారిక భాషోద్యమమని పాఠం చెబుతాం. నేను ఇప్పుడు దాన్ని ప్రయోగశాల పోరాటంగా చూస్తున్నాను. ఆయన పర్లాకిమిడిలో ఉండి సవరల మాట విని, వాళ్ళ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశాడు. లిపి లేని భాషకు పుస్తకం అడ్డం రాదు, చెవే సాక్షి. ఆ చెవితోనే తెలుగు వైపు తిరిగి, శాసనాలూ వ్యాఖ్యానాలూ పాత ప్రతులూ తిరగేసి, మీరు తప్పులంటున్నవి తప్పులు కావని చూపించాడు. పండితులు ఎర్రసిరాతో కొట్టేసిన 9.2లను ఆయన మళ్ళీ పట్టికలోకి ఎక్కించాడు.

ఈ పాఠం చెప్పే నేను పరీక్ష కాగితాలు ఎట్లా దిద్దుతాను? ఒక విద్యార్థి ఒక పద్యానికి గైడులో లేని అర్థం రాస్తే మూడు మార్కులు, ఉన్నది రాస్తే ఏడు. గంటకు ఇన్ని కాగితాలు దిద్దాలి గదా అన్నది నా సమాధానం. మా పరీక్షకుడికి కూడా ఆ రోజు అట్లాంటి సమాధానమే ఉండి ఉంటుంది.

చేతికీ తెలివికీ మన దేశంలో పడిన ఎడం కూడా ఇక్కడ చూడాలి. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ ప్రాచీన భారత రసాయనశాస్త్ర చరిత్ర రాస్తూ (మొదటి సంపుటం 1902లో వచ్చింది) మన దేశంలో శాస్త్రదృష్టి క్షీణించటానికి కులవ్యవస్థను ముఖ్య కారణంగా చూపించాడు. లోహం కరిగించేవాడూ, రంగు వేసేవాడూ, శవాన్ని కోసేవాడూ తక్కువవారయ్యారు. చదువుకున్నవాడు వస్తువును ముట్టటం మానేశాడు. ముట్టేవాడికి చదువు లేకుండా పోయింది. ఇది నూరేళ్ళ కిందటి ముచ్చటేనా? మా ప్రయోగశాలలో పరికరాలన్నీ తెలిసిన అటెండరు బయట స్టూలు మీద కూర్చునేవాడు, పరికరాలు తెలియని మేము మార్కులు తెచ్చుకునేవాళ్ళం. కొత్తవాడలో జంపఖానా నేసే మనిషి నూలు పోగును వేళ్ళ మధ్య నలిపి దాని సన్నమెంతో చెబుతాడు. అది కొలత అని మన పుస్తకాల్లో ఎక్కడా లేదు. తెర వచ్చి ఈ ఎడాన్ని పూడ్చలేదు, దానికి ఒక మర్యాద కల్పించింది. మన చెయ్యి ఇక దేన్నీ ముట్టనక్కరలేదు, అది కూడా ఆధునికత పేరుతో.

సమానత్వం మాట కూడా అక్కడే బయటపడుతుంది. డబ్బున్న పాఠశాలలో తెరా ఉంటుంది, ప్రయోగశాలా ఉంటుంది. లేనివాడికి తెర ఒక్కటే ఇచ్చి ఇద్దరూ సమానమంటున్నారు. లోలకానికి కావలసింది మూరెడు దారం, ఒక రాయి. దానికి కూడా డబ్బు లేదని తెర కొన్నామంటే ఎవరు నమ్ముతారు? 1972లో మధ్యప్రదేశ్ లోని హోషంగాబాద్ జిల్లాలో, కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు పదహారు ప్రభుత్వ పాఠశాలల్లో ప్రయోగాలతోనే సైన్సు చెప్పటం మొదలుపెట్టాయి. చౌక సామాన్లతో పల్లెటూరి పిల్లలు కొలిచారు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క అంకె వచ్చింది. ఎందుకు వచ్చిందో తరగతిలో కూర్చుని తేల్చుకున్నారు. పరీక్షలో పుస్తకం దగ్గర పెట్టుకోనిచ్చారు, ప్రయోగం చేయించారు. జిల్లా అంతటా వ్యాపించి ముప్పై ఏళ్ళు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసింది. డబ్బు ఎక్కువ ఖర్చయి ఆగిన కార్యక్రమం కాదది. పిల్లవాడికి వచ్చిన అంకెను అంకెగా లెక్కపెట్టే బడిని భరించటానికి ఏ ప్రభుత్వమైనా కొంత గుండెధైర్యం తెచ్చుకోవాలి.

నేను ఆ అమ్మాయి ప్రశ్నను మా మిత్రుడికి చెప్పాను. ఆయన ఈ సెమిస్టరులో లోలకం ప్రయోగానికి తెర మూసి, పాత బీరువాలోంచి గుండ్లు తీయించాడు. రికార్డులో "ప్రామాణిక విలువ" అన్న గడి తీసేశాడు. ప్రయోగం అయ్యాక తెర తెరిచి, తెర లోలకానికీ తమ లోలకానికీ ఎక్కడ తేడా వచ్చిందో, ఎందుకు వచ్చిందో రాయమన్నాడు. పిల్లలు మొదట గింజుకున్నారు. "మరి ఎంత రావాలె సార్?" అని ఒక్కొక్కరూ విడిగా వచ్చి అడిగారు. ఆయన చెప్పలేదు. తొమ్మిదికి పైనుంచి పదిన్నర దాకా రకరకాల విలువలు వచ్చాయి. ఒకడు ఫ్యాను కింద ఊపాడు, ఇంకొకడు ఇరవై డోలనాలకు బదులు పందొమ్మిది లెక్కపెట్టాడు. ఎవరిది ఎందుకు అట్లా వచ్చిందో తేల్చటానికి రెండు వారాలు పట్టింది. పాఠ్యప్రణాళిక వెనకబడిందని ప్రిన్సిపాలు ఆయన్ని పిలిపించారు కూడా.

ఈలోగా నేను నా స్నేహితుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాను. అతను ఇంజనీరింగ్ చదవలేదు. మోటార్లకు తీగ చుట్టే దుకాణం నడుపుతున్నాడు. పన్నెండు మార్కులు పోవటం వల్లనే అట్లా అయిందని నేను అనను, మూతపడ్డ మిల్లు చాలు దానికి. అతనికి ఆ కొక్కెం సంగతి, ఒకటిన్నర సెంటీమీటర్ల సంగతి, గీత సంగతి కాగితం మీద వేసి చూపించాను. నేను వెనక్కి లెక్కకట్టిన సంగతి కూడా చెప్పాను. అది అతనికి అప్పుడే తెలుసట. కాగితం చాలాసేపు చూసి, "అయితే ఆ పన్నెండు మార్కులు ఇప్పుడిస్తరా?" అని నవ్వి, మళ్ళీ మోటారు మీదికి వంగాడు.

ఆ అమ్మాయి గీత మూలబిందువు గుండా పోలేదు. ఆమె కూడా ముడి వరకే కొలిచింది. గీత ఎడంగా వచ్చాక గుండును స్క్రూగేజితో కొలిచి, కొక్కేన్ని స్కేలుతో కొలిచి, రెండూ కలిపి గీత చెప్పినదానికి ఒక మిల్లీమీటరు తేడాలో ఉన్నాయని రాసింది. ఆ మిల్లీమీటరు ఎందుకో తనకు తెలియలేదని కింద ఇంకొక వాక్యం రాసింది. బయటినుంచి వచ్చే పరీక్షకుడు ఏమంటాడోనని మా మిత్రుడికి కాస్త భయం. ఆ చివరి వాక్యం కొట్టెయ్యమ్మా, గీతకు మూలబిందువు దగ్గర చిన్న వంపు ఇస్తే సరిపోతుందని ఇంకొక అధ్యాపకుడు ఆమెకు సలహా ఇచ్చాడు. ఆమె కొట్టెయ్యలేదు. రికార్డు మీద సంతకం పెట్టి అట్లాగే ఉంచాం. పరీక్షలు వచ్చే నెలలో.